నెత్తుటి లెక్కను ఎవరు రాయాలి?

1985వ సంవత్సరంలో, ఒకదానితో మరొకదానికి పైకి ఏ సంబంధమూ కనిపించని మూడు ఘటనలు జరిగాయి. మార్చి 29న చిలీ రాజధాని శాంటియాగోలో ఒక పాఠశాల ముందు నుంచి హోసే మాన్యుయెల్ పరాదాను పోలీసులు ఎత్తుకుపోయారు. మర్నాడు ఆయన శవం, మరో ఇద్దరి శవాలతో పాటు, గొంతులు కోసి పడేసిన స్థితిలో ఊరి వెలుపల దొరికింది. జూలై 17న అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగపల్లె మీద ఊరి భూస్వాములు దండెత్తి, ఆరుగురిని వేటాడి చంపారు; స్త్రీల మీద అత్యాచారాలు చేశారు. సెప్టెంబరు 3న వరంగల్‌లో పిల్లల వైద్యుడు, ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం ఉపాధ్యక్షుడు డాక్టర్ రామనాథాన్ని ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు. ఆ సమయంలో ఆ దారిన సాగుతున్నది పోలీసుల అంతిమయాత్ర.

పరాదా ఆయుధం పట్టిన మనిషి కాడు. శాంటియాగో క్యాథలిక్ చర్చి నడిపిన విచారియా అనే మానవ హక్కుల కార్యాలయంలో పత్రాల సేకరణ విభాగాన్ని చూసేవాడు. రామనాథం చేతిలో ఉన్నది స్టెతస్కోపు. పౌరహక్కుల సంఘం చేస్తూ వచ్చిన పని ఎదురుకాల్పుల పేరుతో జరిగిన హత్యల వివరాలు రాసిపెట్టడం. కారంచేడు దళితులు మాత్రం, చంపినవాళ్ళు చెప్పే కథే చివరి కథ కాకుండా చూడటానికి ఊరు విడిచి చీరాల చేరి, అక్కడి శిబిరం నుంచి తమ కథను తామే చెప్పారు. నిరంకుశాధికారం దేనికి భయపడుతుందో ఈ మూడు ఘటనలనూ పక్కపక్కన పెట్టి చూస్తే అర్థమవుతుంది. హత్యను అది దాచగలదు, సాక్షిని బెదిరించగలదు, న్యాయస్థానాన్ని సైతం కొంతకాలం మౌనంగా ఉంచగలదు. తేదీ, సమయం, పేరు, చోటు రాసి, నాలుగు చోట్ల భద్రపరచిన కాగితాన్ని మాత్రం పూర్తిగా చంపలేదు.

సామాజిక శాస్త్రాలు బోధించే నాకు తరగతి గదిలో తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. శిక్షలు పడనప్పుడు, పడిన శిక్షలు పైకోర్టులో కొట్టుకుపోతున్నప్పుడు, ఈ నిజనిర్ధారణలు, నివేదికలు, వాంగ్మూలాలు ఎవరికోసం అని విద్యార్థులు అడుగుతారు. దళిత విద్యార్థి గొంతులో ఆ ప్రశ్న మరింత కటువుగా వినబడుతుంది. దానికి ఓదార్పు మాటలతో జవాబు చెప్పలేము. కాగితం ఎక్కడ పనిచేసింది, ఎక్కడ చేయలేదు, ఎందుకు చేయలేదు అన్నది చరిత్రలోకి వెళ్ళి చూపించాలి.

చిలీ అనుభవంతో మొదలుపెడతాను. 1973 సెప్టెంబరు 11న జనరల్ పినోచెట్ సైనిక కుట్రతో అధికారం చేజిక్కించుకున్నాడు. వేలాది మందిని నిర్బంధించారు. వందలాది మంది జాడ లేకుండా పోయారు. కొన్ని వారాలలోనే చర్చిల ఆధ్వర్యంలో ఒక సహాయ కమిటీ ఏర్పడింది. పినోచెట్ ఒత్తిడితో అది మూతపడగానే, 1976 జనవరిలో కార్డినల్ సిల్వా హెన్రీకెస్ విచారియాను నెలకొల్పాడు. అక్కడికి వచ్చిన ప్రతి తల్లినీ, భార్యనూ కూర్చోబెట్టి న్యాయవాదులు, సామాజిక కార్యకర్తలు వివరాలు రాసుకున్నారు. ఎవరిని తీసుకుపోయారు, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ వాహనంలో, ఎవరు చూశారు, ఏ పోలీసు స్టేషన్‌లో అడిగితే ఏమన్నారు? ప్రతి కేసులోనూ కోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ వేశారు. అలాంటివి కొన్ని వేలు వేశారు. కోర్టులు దాదాపు అన్నిటినీ తోసిపుచ్చాయి.

తోసిపుచ్చుతారని వాళ్ళకు తెలుసు. తెలిసే వేశారు. ఎందుకంటే, పిటిషన్ వేయగానే ప్రభుత్వం ఏదో ఒక జవాబు చెప్పాలి. ‘ఆ వ్యక్తిని మేము అరెస్టు చేయలేదు’ అన్న అబద్ధం కూడా సంతకంతో, తేదీతో, అధికారిక ముద్రతో కోర్టు దస్త్రంలోకి చేరుతుంది. నిజంతో పాటు అబద్ధాన్ని కూడా నమోదు చేయించడం వాళ్ళు కనిపెట్టిన ఉపాయం.

ఆ ఉపాయం విలువ లోంకెన్‌లో తెలిసింది. శాంటియాగోకు దగ్గరలోని ఇస్లా దె మైపో గ్రామంలో 1973 అక్టోబరులో పోలీసులు 15 మందిని పట్టుకుపోయారు. వారిలో ఎక్కువమంది వ్యవసాయం చేసుకునే పేదలు. ఒక తండ్రి, ఆయన నలుగురు కొడుకులు కూడా ఉన్నారు. అదృశ్యమైనవారిలో కొందరికి అసలు చట్టబద్ధమైన ఉనికే లేదని చిలీ ప్రభుత్వం 1975లో ఐక్యరాజ్యసమితి ముందు చెప్పింది. 1978 చివరలో విచారియాకు ఒక సమాచారం అందింది. న్యాయవాదులు, పాత్రికేయులు, మతాచార్యులు కలసి వెళ్ళి, లోంకెన్‌లోని పాత సున్నపు బట్టీలలో ఆ 15 మంది అవశేషాలను బయటపెట్టారు. అయిదేళ్ళ కిందట రాసిపెట్టుకున్న పేర్లు, తేదీలు ఉన్నందువల్లనే ఆ ఎముకలు ఎవరివో చెప్పగలిగారు. అంతకు కొన్ని నెలల ముందే ప్రభుత్వం తన మనుషులకు క్షమాభిక్ష చట్టం చేసుకుంది కనుక సైనిక న్యాయస్థానం నిందితులను వదిలేసింది. ఆ రోజున ఎవరైనా కాగితం ఓడిపోయిందనే అనుకుని ఉంటారు.

నియంతృత్వం ముగిశాక ఏర్పడిన రెత్తిగ్ కమిషన్ 1991లో 2,279 మంది బాధితులను పేరుపేరునా గుర్తించింది. దాని పనికి పునాది విచారియా దస్త్రాలే. తరువాతి కాలంలో చిలీ న్యాయమూర్తులే ఒక వాదనను అంగీకరించారు. శవం దొరకనంత కాలం ఆ వ్యక్తిని అపహరించిన నేరం ఇంకా కొనసాగుతున్నట్టే కనుక క్షమాభిక్ష చట్టం దానికి వర్తించదన్నది ఆ వాదన. అపహరణ జరిగిందని రుజువు చేసినవి ఒకప్పుడు కోర్టులు తోసిపుచ్చిన ఆ పిటిషన్లే. పరాదా హత్యకేసులో పోలీసులకు 1994లో శిక్షలు పడ్డాయి. 1998 అక్టోబరు 16న లండన్‌లో పినోచెట్‌నే అరెస్టు చేశారు. విచారియా పత్రాలతో సహా చిలీ మానవ హక్కుల దస్త్రాలను యునెస్కో 2003లో ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది.

మన నేల మీద ఇదే పని అదే దశాబ్దంలో మొదలైంది. 1975 జూన్ 25న అత్యవసర పరిస్థితి విధించారు. నెల తిరగగానే, జూలై 25న మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు విద్యార్థులను కాల్చి చంపి, ఎదురుకాల్పులని ప్రకటించారు. ఎమర్జెన్సీ ఎత్తివేశాక, 1977లో జయప్రకాశ్ నారాయణ్ చొరవతో జస్టిస్ తార్కుండే నాయకత్వంలో కమిటీ ఏర్పడింది. కె.జి. కన్నబిరాన్ వంటి న్యాయవాదులు అందులో పనిచేశారు. వాళ్ళు ఊళ్ళు తిరిగి సాక్షులను కలసి, అవి ఎదురుకాల్పులు కావు, పట్టుకుని చేసిన హత్యలు అని తేల్చారు. ఆ ఒత్తిడితో రాష్ట్ర ప్రభుత్వం భార్గవ కమిషన్‌ను వేసింది. విచారణలో నిజాలు బయటికి వస్తుండగా దాన్ని రహస్య విచారణగా మార్చారు. ఆ కమిషన్ వల్ల ఎవరికీ శిక్ష పడలేదు.

కానీ ఆ పద్ధతి మిగిలింది. బాలగోపాల్ తరం దాన్ని మూడు దశాబ్దాల పాటు ఊరూరా తీసుకుపోయింది. ఆ పని చేస్తూ రామనాథం తర్వాత లక్ష్మారెడ్డి, నర్రా ప్రభాకరరెడ్డి, పురుషోత్తం, ఆజం అలీ ప్రాణాలు కోల్పోయారు. 2009 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ప్రతి ఎదురుకాల్పుల మరణానికీ పోలీసుల మీద కేసు నమోదు కావాలనీ, ఆత్మరక్షణ అన్నది విచారణలో రుజువు చేసుకోవలసిన విషయమనీ తీర్పు చెప్పింది. సుప్రీంకోర్టు దాన్ని నిలిపివేసినా, 2014లో ఎదురుకాల్పుల దర్యాప్తుకు తానే మార్గదర్శకాలు జారీచేయవలసి వచ్చింది. గిరాయిపల్లి అడవిలో మొదలైన కాగితం ఢిల్లీ చేరడానికి ముప్పై తొమ్మిదేళ్ళు పట్టింది.

ఇక్కడ ఒక వ్యత్యాసాన్ని గట్టిగా చెప్పుకోవాలి. చిలీలో నిరంకుశత్వానికి ఒక ప్రారంభ తేదీ ఉంది, ఒక ముగింపు తేదీ ఉంది. మన ఎమర్జెన్సీకి కూడా అంతే. దళితవాడ మీద సాగే పెత్తనానికి అలాంటి తేదీలు లేవు. ఎమర్జెన్సీ విధించకముందు అది ఉంది, ఎత్తివేశాకా ఉంది. అత్యవసర పరిస్థితిలో మధ్యతరగతి కొద్ది నెలల పాటు రుచి చూసినవి ఏమిటి? మాట్లాడితే ప్రమాదం, పోలీసు ఎవరి పక్షమో ముందే తెలిసి ఉండటం, కోర్టు దూరంగా, మౌనంగా ఉండటం. దళితుడికి ఇవి నిత్య జీవితం. ప్రజాస్వామ్య రాజ్యాంగం కిందనే గ్రామం ఒక చిన్న నియంతృత్వంగా కొనసాగగలదని అంబేడ్కర్ రాజ్యాంగ సభలోనే హెచ్చరించినంత పనిచేశారు. భూమి, చెరువు, పనిదినం, అప్పు, పంచాయతీ, పోలీసు ఠాణా అన్నీ ఒకే కులం గుప్పిట్లో ఉన్నచోట, జరిగింది ఏమిటో రాసే కలం కూడా ఆ గుప్పిట్లోనే ఉంటుంది. కరణం లెక్కల కాలం నుంచీ అంతే.

అందువల్లనే అంబేడ్కర్ అత్యాచారాల నమోదును ఉద్యమంలో భాగం చేశారు. ఆయన మరణానంతరం రచనల సంపుటాలలో వెలువడిన, ఘెట్టో బిడ్డలుగా అస్పృశ్యులను చిత్రించిన రాతప్రతిలో, పత్రికలలో అచ్చయిన అత్యాచారాల వార్తలను ఊరు పేరుతో, తేదీతో ఒకచోట పేర్చారు. సవర్ణుల పత్రికలే ఒప్పుకున్న వాస్తవాన్ని సవర్ణులు ఎలా కాదంటారన్నది ఆ పద్ధతిలోని తర్కం. 1946లో నల్లజాతి మేధావి డుబాయిస్‌కు ఆయన ఉత్తరం రాశారు. అమెరికన్ నల్లవారు ఐక్యరాజ్యసమితికి సమర్పించిన వినతిపత్రం ప్రతులు కావాలని అడిగారు. అస్పృశ్యుల తరఫున అటువంటి ప్రయత్నం చేసే ఆలోచన ఉందని తెలిపారు. స్వదేశంలో వినేవాడు లేనప్పుడు, వినే రోజు కోసం, వినే చోటు కోసం రాసిపెట్టాలని ఆయనకు తెలుసు.

కారంచేడు, చుండూరు ఈ దృష్టితో మళ్ళీ చదవవలసిన అధ్యాయాలు. కారంచేడులో తగువు మంచినీళ్ళ చెరువు దగ్గర మొదలైంది. దళితులు తాగే నీళ్ళను గేదెల కుడితితో పాడుచేయవద్దన్నందుకు కొట్టబోతే, ఒక దళిత మహిళ బిందె ఎత్తి ఎదిరించింది. మర్నాడు ఊచకోత జరిగింది. బాధితులు ఊళ్ళోనే ఉండిపోయి ఉంటే ఆ వార్త రెండు వర్గాల కొట్లాటగా పత్రికలో నాలుగు పంక్తులకు కుదించుకుపోయేది. చీరాల శిబిరం వల్ల బొజ్జా తారకం, కత్తి పద్మారావు వంటివారు వాళ్ళ వెంట నిలిచారు, దళిత మహాసభ పుట్టింది, వాంగ్మూలాలు చెదరకుండా నిలిచాయి. హైకోర్టు నిందితులను విడిచిపెట్టినా, 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు ప్రధాన నిందితుడికి యావజ్జీవ శిక్ష, మరో 29 మందికి మూడేళ్ళ జైలు విధించింది. ఇరవై మూడేళ్ళ తర్వాత దక్కిన ఆ న్యాయం కొంచెమే. ఆ కొంచెమైనా దక్కడానికి కారణం, బాధితులు తమ కథను పెత్తందార్ల చేతికి వదిలిపెట్టకపోవడం.

చుండూరు పాఠం మరింత కఠినమైనది. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను నరికి, కొందరి శవాలను గోనె సంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. ఇది హఠాత్తుగా జరిగిన ఘటన కాదు. జూలై మొదట్లో సినిమా హాల్లో కాలు తగిలిందన్న తగాదాతో మొదలై, నెల రోజులుగా దళితవాడ మీద సాంఘిక బహిష్కరణ సాగుతోంది. పనులకు పిలవలేదు. ఊళ్ళో పోలీసు పికెట్ ఉంది, నిషేధాజ్ఞలు ఉన్నాయి. అంటే ఈ హత్యాకాండ పోలీసుల కళ్ళ ముందే తయారైంది. ఆ నెల రోజుల బహిష్కరణను ఎవరైనా రోజువారీగా నమోదు చేసి, కలెక్టరుకు, న్యాయస్థానానికి రాతపూర్వకంగా అందజేసి ఉంటే, ఆగస్టు 6న ఎవరు ఏ బాధ్యతలో విఫలమయ్యారో చెప్పడానికి వేరే సాక్షి అవసరమయ్యేది కాదు.

చుండూరు బాధితులు తెనాలి శిబిరం నుంచి చేసిన పోరాటం దేశంలో కొత్త దారి తీసింది. అత్యాచారాల నిరోధక చట్టం కింద ప్రత్యేక న్యాయస్థానాన్ని నేరం జరిగిన ఊళ్ళోనే పెట్టించారు. తాము నమ్మిన న్యాయవాదినే ప్రత్యేక ప్రాసిక్యూటర్‌గా నియమింపజేసుకున్నారు. నిందితులు రెండు వందలకు పైగా. పదహారేళ్ళకు, 2007 జూలై 31న, 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది జైలు పడ్డాయి. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ శిక్షలన్నిటినీ రద్దు చేసింది. ఎవరు ఎప్పుడు ఎక్కడ చనిపోయారో, ఎవరి చేతిలో చనిపోయారో నిస్సందేహంగా రుజువు కాలేదన్నది, ఫిర్యాదులోనూ వాంగ్మూలాలలోనూ జాప్యం జరిగిందన్నది ఆ తీర్పు సారాంశం.

ఆ తీర్పును ఆక్రోశంతో చదివినవాళ్ళలో నేనూ ఒకడిని. అయితే ఆక్రోశంతో ఆగిపోతే, తీర్పు మనకు చెప్పే విషయం చేజారిపోతుంది. ప్రాణభయంతో పొలాల్లోకి పరుగెత్తిన మనిషి గడియారం చూసుకోడు. కొట్టేవాళ్ళు వందలమంది అయినప్పుడు ఎవరి చేతిలో ఏ ఆయుధం ఉందో లెక్కగట్టుకోడు. శవాలు కాలవల్లో రోజుల తరబడి దొరుకుతున్నప్పుడు మరణ సమయాన్ని ఎవరు చెప్పగలరు? సామూహిక హత్యాకాండను ఇద్దరి మధ్య జరిగిన హత్యకు పెట్టే కొలబద్దతో కొలిస్తే ఫలితం ముందే ఖరారవుతుంది. ఈ తర్కం తెలుగు నేలకే పరిమితం కాదు. తమిళనాడు కీళ్‌వెణ్మణిలో 1968 డిసెంబరు 25న 44 మంది దళితులను గుడిసెలో సజీవ దహనం చేశారు. 1973లో మద్రాసు హైకోర్టు భూస్వాములను విడిచిపెట్టింది. బీహార్‌లోని బథానీ టోలాలో 1996లో 21 మందిని, లక్ష్మణ్‌పూర్ బాథేలో 1997లో 58 మందిని రణవీర్ సేన చంపింది. దిగువ కోర్టు వేసిన శిక్షలను పాట్నా హైకోర్టు 2012లో, 2013లో రద్దు చేసింది. ఆ సేనకు రాజకీయ నాయకులతో ఉన్న సంబంధాలను విచారించడానికి వేసిన అమీర్ దాస్ కమిషన్‌ను, నివేదిక ఇవ్వకముందే, 2006లో రద్దు చేశారు.

కమిషన్లు రద్దవుతాయి, నివేదికలు మాయమవుతాయి. ఎమర్జెన్సీ అకృత్యాలను విచారించిన షా కమిషన్ నివేదికకే ఆ గతి పట్టింది. 1980లో ఇందిరాగాంధీ తిరిగి అధికారంలోకి వచ్చాక దాని ప్రతులు ప్రజలకు అందుబాటులో లేకుండా పోయాయి. మాజీ పార్లమెంటు సభ్యుడు ఎరా సెళియన్ తన దగ్గర మిగిలిన ప్రతిని 2010లో పునర్ముద్రించేదాకా ఆ నివేదిక ఒక వదంతిగానే బతికింది. ఒక్క మనిషి తన ఇంటి అలమారాలో ఉంచుకున్న ప్రతి, ఒక ప్రభుత్వం తుడిచేయాలనుకున్న చరిత్రను తిరిగి ఇచ్చింది.

ఈ అనుభవాలన్నిటి నుంచీ ఆచరణకు అందే విషయాలను నేను నాలుగుగా చూస్తాను.

మొదటిది, చట్టం ఇచ్చిన కాగితపు హక్కులను పూర్తిగా వాడుకోవడం. 2016 జనవరి 26న అమలులోకి వచ్చిన సవరణలతో అత్యాచారాల నిరోధక చట్టం, నమోదు విషయంలో, బాగా పదునెక్కింది. ఫిర్యాదుదారు నోటిమాటగా చెప్పింది రాసుకున్న అధికారి సంతకానికి ముందు దాన్ని తిరిగి చదివి వినిపించాలి. ఎఫ్‌ఐఆర్ నమోదు చేసి ప్రతి ఇవ్వాలి. అరవై రోజుల్లో దర్యాప్తు ముగించి చార్జిషీటు వేయాలి. పత్రాలను సరిగ్గా తయారుచేయడం, సరిగ్గా అనువదించడం కూడా అధికారి విధి. బుద్ధిపూర్వకంగా వీటిని విస్మరిస్తే నాలుగో సెక్షన్ కింద ఆ అధికారే శిక్షార్హుడు. విచారణ మొత్తాన్నీ వీడియో తీయాలని పదిహేను-ఏ సెక్షన్ చెబుతోంది. సాంఘిక బహిష్కరణ ఇప్పుడు విడిగా ఒక నేరం. దళితవాడల్లో ఎంతమందికి ఇవి తెలుసు? తెలిసినచోట, అధికారి చదివి వినిపించకపోతే ఆ సంగతినే రాతపూర్వకంగా పై అధికారికి పంపారా? చిలీ న్యాయవాదుల ఉపాయం మనకు ఇక్కడే అక్కరకు వస్తుంది. అధికారి నిరాకరణ కూడా ఒక సాక్ష్యమే, తేదీ వేసి నమోదు చేయగలిగితే.

రెండవది, చిన్న వివరాల విలువ. కులం పేరుతో తిట్టిన మాటను ‘దుర్భాషలాడాడు’ అని కుదించకుండా, అన్నది అన్నట్టే రాయించాలి. ఎవరెవరు విన్నారో వాళ్ళ పేర్లు ఉండాలి. బహిష్కరణ సాగుతుంటే, ఏ రోజు ఎవరిని పనికి రావద్దన్నారు, ఏ కొట్లో సరుకు ఇవ్వలేదు, ఏ బోరు దగ్గర నీళ్ళు ఆపారు అని ఒక నోటు పుస్తకంలో తేదీలవారీగా రాసుకోవాలి. గాయాల ఫొటోలు, ఆసుపత్రి చీటీలు, తగువుకు మూలమైన భూమి పాసుపుస్తకాలు, అసైన్‌మెంటు పట్టాలు ఒక్క దస్త్రంలో చేరాలి. కుల ధ్రువీకరణ పత్రం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. క్రైస్తవంలోకి మారిన పాస్టర్‌కు ఈ చట్టం రక్షణ వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. దెబ్బ కొట్టేవాడు మతం అడిగి కొట్టడు. దెబ్బ తిన్నవాడి మతాన్ని మాత్రం కోర్టు అడుగుతుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మారేవరకు ఈ అన్యాయాన్ని రాజకీయంగా ఎదిరిస్తూనే, కేసు స్థాయిలో ప్రతి పత్రాన్నీ ముందే సరిచూసుకోవలసిందే.

మూడవది, ప్రభుత్వం చేయని పనులను నమోదు చేయడం. జిల్లా నిఘా, పర్యవేక్షణ కమిటీ మూడు నెలలకోసారి సమావేశం కావాలని నిబంధనలున్నాయి. ముఖ్యమంత్రి అధ్యక్షతన రాష్ట్రస్థాయి కమిటీ జనవరిలో, జూలైలో సమావేశం కావాలి. ఘటనా స్థలానికి కలెక్టరు, ఎస్‌పీ స్వయంగా వెళ్ళాలి. సమావేశం జరిగిందా, ఎవరు హాజరయ్యారు, ఏం తీర్మానించారు అని సమాచార హక్కు చట్టం కింద అడగడానికి పది రూపాయలు చాలు. వచ్చిన జవాబుల్ని జిల్లాలవారీగా పేరిస్తే, అదే ఒక నేరపత్రం. జాతీయ నేర గణాంకాల బ్యూరో లెక్కన 2022లో దేశంలో దళితుల మీద నమోదైన నేరాలు 57,582. ఆ అంకె ఎంత పెద్దదైనా, అది ఠాణా గడప దాటి లోపలికి వెళ్ళగలిగిన కేసుల లెక్క మాత్రమే. గడప దగ్గర ఆగిపోయినవాటి లెక్కను ప్రభుత్వం ఎన్నడూ రాయదు. అది మనమే రాయాలి.

నాలుగవది, రాసేవాళ్ళ భద్రత, రాసినదాని భద్రత. ఇది గడచిన కాలపు సమస్య కాదు. ఖైర్లాంజీలో 2006లో ఒక దళిత కుటుంబంలో నలుగురిని చంపిన ఘోరాన్ని పుస్తకంగా రాసిన ఆనంద్ తేల్‌తుంబ్డే 2020 ఏప్రిల్ 14న, అంబేడ్కర్ జయంతి రోజునే, ఉపా కేసులో లొంగిపోవలసి వచ్చింది. బెయిలు దొరికి బయటికి వచ్చేసరికి రెండున్నరేళ్ళు గడిచాయి. జార్ఖండ్ జైళ్ళలో విచారణ లేకుండా మగ్గుతున్న ఆదివాసీల వివరాలు సేకరించిన స్టాన్ స్వామి అదే కేసులో నిర్బంధంలో ఉండగానే 2021 జూలై 5న మరణించారు. ఆ కేసులో సాక్ష్యంగా చూపిన కంప్యూటర్లలోకి బయటి నుంచి ఫైళ్ళు చొప్పించారని ఒక అమెరికన్ ఫోరెన్సిక్ సంస్థ నివేదిక ఇచ్చింది. కనుక ఒక్కరి ఫోన్‌లో, ఒక్కరి ల్యాప్‌టాప్‌లో ఉన్న సాక్ష్యం నిజానికి లేనట్టే. ప్రతులు మూడు నాలుగు చోట్ల, అందులో ఒకటి ఊరికి దూరంగా ఉండాలి. లైంగిక హింసకు గురైన స్త్రీల పేర్లు బహిరంగ ప్రతిలో ఉండకూడదు. కారంచేడు మొదలుకుని మన నివేదికలు హత్యలను వివరించినంతగా స్త్రీల మీది దాడులను వివరించలేకపోయాయి. రాసేవాళ్ళు ఎక్కువగా పురుషులు కావడం అందుకు ఒక కారణం.

ఇందులో విశ్వవిద్యాలయాల బాధ్యత ఉంది. 1985 తర్వాతి తెలుగు సమాజపు అసలైన సామాజిక చరిత్ర, పౌరహక్కుల సంఘం, మానవ హక్కుల వేదిక, దళిత మహాసభ, మహిళా సంఘాలు అచ్చువేసిన సన్నటి కరపత్రాల్లో, ఇరవై ముప్పై పేజీల నిజనిర్ధారణ నివేదికల్లో ఉంది. అవి ఈ రోజు వయసు మళ్ళిన కార్యకర్తల ఇళ్ళలో, చెదలకు దగ్గరగా ఉన్నాయి. కేసుల్ని నడిపిన న్యాయవాదులు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. వాళ్ళ దస్త్రాలు తూకానికి పోతున్నాయి. చుండూరు సాక్షులలో ఆనాడు ఇరవై ఏళ్ళున్నవాళ్ళకు ఇప్పుడు యాభై దాటింది. పురపాలక పన్నుల మీద, పాత శాసనాల మీద పరిశోధనకు నిధులిచ్చే మన సంస్థలు, కారంచేడు నుంచి ఇటీవలి పరువు హత్యల దాకా సాగిన ఈ చరిత్రకు ఒక దస్త్రాగారం కట్టలేవా? రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చరిత్ర, న్యాయశాస్త్ర, సామాజిక శాస్త్ర విభాగాలు కలసి, బాధిత కుటుంబాల అనుమతితో, వారి పర్యవేక్షణలో ఈ పని తలపెట్టాలి. దాని మీద అజమాయిషీ ప్రభుత్వానిది కాకుండా చూసుకోవాలి. ప్రతి దళితవాడ యువజన సంఘంలో ఇద్దరికి, వారిలో ఒకరు స్త్రీ అయ్యేటట్టు, వాంగ్మూలం రాయడంలో, ఫిర్యాదు చదవడంలో, ప్రతులు దాచడంలో శిక్షణ ఇవ్వడానికి పెద్ద బడ్జెట్ అవసరం లేదు.

ఇంత చేసినా న్యాయస్థానాలు విడిచిపెడుతూనే ఉండవచ్చు. శిక్ష పడుతుందన్న హామీ కాగితం ఇవ్వదు. ఇచ్చేదేమిటంటే, నేరం జరగలేదన్న మాటను నిశ్చింతగా అనగలిగే వీలును అది పెత్తందారుకు లేకుండా చేస్తుంది. తీర్పు ఎలా ఉన్నా చుండూరులో ఎనిమిది మంది చనిపోలేదని ఈ రోజు ఎవరూ అనలేరు. వాళ్ళ పేర్లు రక్తక్షేత్రంలోని స్మారకం మీద ఉన్నాయి, కోర్టు దస్త్రాల్లో ఉన్నాయి. శాంటియాగోలో కోర్టులు తిరస్కరించిన పిటిషన్ మీద ఇరవై ఏళ్ళ తర్వాత మరో న్యాయమూర్తి చేయి వేశాడు. మన తిరస్కృత సాక్ష్యాల మీద కూడా అలాంటి చేయి పడే రోజు రావచ్చు. ఆ రోజున ఆ న్యాయమూర్తి బల్ల మీద చదవడానికి ఏదో ఒకటి ఉండాలి. అది రాయవలసిన రోజు మాత్రం ఈ రోజే; ఎక్కడో ఒక ఊళ్ళో, ఈ వారం కూడా, ఒక దళిత కుటుంబానికి బోరు దగ్గర నీళ్ళు ఆపే ఉంటారు.